మేఘన మడమలు కలవలేదు

మా అమ్మాయి కాలి కట్టు విప్పి ఆరు నెలలు దాటింది. ఇప్పుడు బాగానే ఉంది. ఆ మాట రాయడానికి ధైర్యం వచ్చాకే ఇది రాయడానికి కూర్చున్నా. రాయమని నన్నెవరూ అడగలేదు. ఇంట్లో చెప్పుకునే వీలు లేక, బయట చెప్పుకునే మనిషి లేక నోటుపుస్తకంతో చెప్పుకుంటున్నా అనుకోండి. చిన్న ఆశ కూడా ఉంది. ఫోనులో పిల్ల "కాళ్ళు నొప్పులు నాన్నా" అంటే, "ఎదిగే వయసులో అంతేలే" అని పెట్టేసే తండ్రి నాలాగా ఇంకొకడు ఎక్కడో ఉంటాడు. వాడు ఇది చదివి మళ్ళీ ఫోను చేస్తే చాలు.

నేను నందిగామలో ఒక ప్రైవేటు స్కూల్లో పీఈటీని. పిల్లలు డ్రిల్లు సార్ అంటారు. ఉండేది జగ్గయ్యపేటలో, రోజూ బస్సులో వెళ్ళొస్తా. నా భార్య పద్మ ఇంట్లో మిషను కుడుతుంది. మాకు మేఘన ఒక్కతే.

కాలేజీలో ఉండగా వాలీబాల్ బాగా ఆడేవాణ్ణి. ఆ ఆట చివరికి నాకు మిగిల్చింది మెళ్ళో ఒక విజిలు. టైంటేబుల్లో నా పీరియడ్లు నిండుగానే ఉంటాయి. గంట కొట్టేసరికి మాత్రం లెక్కల మాస్టారో, ఫిజిక్స్ మేడమో తలుపు దగ్గర నిలబడి "ఈ ఒక్క రోజుకి సార్" అంటారు. నేను సరేనంటా. పోయి గేటు దగ్గర నిలబడతా, సాయంత్రం పిల్లల్ని బస్సులెక్కిస్తా. స్టాఫ్ రూములో నా కుర్చీ తలుపు వెనక ఉంటుంది. తలుపు తీసినప్పుడల్లా నేను కనపడను. నా కూతురు నాలా కాకూడదని అనుకోడానికి నాకు అంతకంటే కారణం అక్కర్లేకపోయింది.

ఆరో తరగతి

విజయవాడ అవతల ఒక రెసిడెన్షియల్ స్కూల్లో చేర్చా. పద్మ వద్దంది.

"పదకొండేళ్ళ పిల్లండీ. దానికింకా జడ వేసుకోడం కూడా రాదు."

"నేర్చుకుంటుందిలే" అన్నా.

మా ఇంట్లో జరిగిన చర్చ అంతే.

చేర్పించిన రోజు ఆ బిల్డింగు అంతా తిప్పి చూపించారు. కింద రెండంతస్తులు క్లాసులు, పైన రెండంతస్తులు హాస్టలు. కింద కార్లు. కిటికీలకి అద్దాలు, అన్నింటికీ ఏసీ. గ్రౌండు లేదు. ఇరవై ఏళ్ళుగా పిల్లల్ని ఆడించి బతుకుతున్నవాణ్ణి, "గ్రౌండు ఎక్కడండీ?" అని అడగలేదు. అడిగితే సీటివ్వరేమోనన్న భయం కాదు. అసలు నాకు తోచలేదు. ఇప్పుడు తల్చుకుంటే ఒళ్ళు జలదరించేది దానికే.

ఆదివారం ఆదివారం ఫోనిచ్చేవాళ్ళు, అయిదు నిమిషాలు. మొదటి ఏడాది ఏడ్చేది. రెండో ఏడాది ఏడుపు మానేసింది. అలవాటు పడిందని నేను పద్మకి చెప్పా. ఆ ఏడాది చివర్నుంచి కాళ్ళ మాట మొదలెట్టింది. మోకాళ్ళు సలుపుతున్నాయనేది. మెట్లెక్కాలంటే తొడ మీద చెయ్యి వేసి నొక్కుకుంటూ ఎక్కాల్సి వస్తోందనేది. నేను పీఈటీని కదా, సలహా చెప్పకుండా ఉంటానా?

"పొద్దున్న లేవగానే కొంచెం వార్మప్ చెయ్యమ్మా. ఒకేచోట కూర్చుంటే పట్టేస్తాయి, అంతే."

"సరే నాన్నా" అనేది.

దసరా సెలవులు

ఎనిమిదో తరగతిలో దసరాకి ఇంటికొచ్చింది. జానెడు ఎత్తు పెరిగింది. నాకు గర్వంగా అనిపించింది. పద్మ కొత్త చుడీదారు కుట్టడానికి టేపు పట్టుకుని కొలతలు తీసుకుంటూ, పాంటు పొడవు దగ్గర ఆగిపోయింది.

"ఏమండీ, ఒకసారిట్రండి. దీని కాళ్ళు చూడండి."

వెళ్ళి చూశా. మోకాళ్ళు రెండూ ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి. కింద మడమల మధ్య నాలుగు వేళ్ళ సందు. నడిపించి చూస్తే కొంచెం పక్కలకి ఊగుతోంది.

"నిలబడే తీరు అది. పుస్తకాల మీద వంగి వంగి అట్లా అయింది" అన్నా. ఆపైన ఊరుకున్నా బాగుండేది. స్కూల్లో అలవాటైన గొంతుతో "మేఘనా, అటెన్షన్!" అని అరిచా.

పిల్ల నవ్వుతూ నిటారుగా నిలబడింది.

"మడమలు కలుపు."

కలపబోయింది. మోకాలు అడ్డం వచ్చింది. ఒక మోకాలు ఇంకోదాని ముందుకి జరిపి కలపబోతే తూలింది. నవ్వు పోయింది.

"రావట్లేదు నాన్నా."

"వస్తుంది. గట్టిగా కలుపు. ఒకటో క్లాసు పిల్లలు కూడా కలుపుతారే."

ఇంకోసారి ప్రయత్నించింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పద్మ టేపు మెళ్ళో వేసుకుని, పిల్ల భుజం మీద చెయ్యి వేసి లోపలికి తీసుకుపోయింది. డాక్టరుకి చూపిద్దామని రెండుసార్లు అంది. సెలవులు నాలుగు రోజులే, సంక్రాంతికి చూద్దామన్నా.

నవంబరు

ఫోనొచ్చినప్పుడు నేను స్కూలు బస్సుల దగ్గరే ఉన్నా. హాస్టలు మెట్లు దిగుతుంటే చివరి మెట్టు దగ్గర కాలు మడతపడి కూలబడిందట. పడలేదు కూడా, కూలబడింది. దానికే మోకాలి కింద ఎముక విరిగింది.

పద్మ పేటలో బస్సెక్కింది. నందిగామలో అదే బస్సులో నేనెక్కా. పక్కన కూర్చుంటే కిటికీ వైపు జరిగింది. కీసర, కంచికచర్ల, ఇబ్రహీంపట్నం, ఊళ్ళన్నీ పోయాయి. భయంతో మాట్లాడట్లేదనుకున్నా.

ఆస్పత్రిలో ఎముకల డాక్టరు ఎక్స్‌రే ఫిల్ము లైటు మీద పెట్టి, కాసేపు చూసి, పిల్లల డాక్టర్ని పిలిపించాడు. ఆవిడ నడివయసు మనిషి, మెత్తగా మాట్లాడుతుంది. రక్తం పరీక్షలకి రాసి, మర్నాడు మా ఇద్దర్నీ కూర్చోబెట్టింది.

"పాప ఎండలోకి ఎప్పుడెళ్తుందండీ?"

మేమిద్దరం మొహాలు చూసుకున్నాం.

"పాలు, పెరుగు?"

"ఇస్తారండి హాస్టల్లో" అన్నా.

"తాగుతుందా?"

తెలీదు.

"ఆటలు?"

నేను తల దించుకున్నా. ఆవిడ కాగితం మీద రాసుకుంటూ "మీరేం చేస్తుంటారు?" అనడిగింది.

"పీఈటీనండి. స్కూల్లో."

రాస్తున్న పెన్ను ఒక్క క్షణం ఆగింది. ఆవిడ ఏమీ అన్లేదు. అని ఉంటే నాకు తేలికయ్యేది.

తర్వాత మాకు అర్థమయ్యేట్టు చెప్పింది. పిల్ల ఎముకలు పొడుగు పెరిగాయి గానీ గట్టిపడలేదు. గోడ పచ్చిగా ఉండగానే పైన శ్లాబు వేసినట్టయింది. ఒంటి బరువుకి మోకాళ్ళు లోపలికి వంగాయి. దీన్ని రికెట్స్ అంటారు. పసిపిల్లలకే వస్తుందని అనుకుంటాం గానీ, ఒక్కసారిగా పొడుగు సాగే వయసులో తిండీ ఎండా రెండూ అందకపోతే పెద్దపిల్లలకీ వస్తుంది. నొప్పులు చాలా నెలల నుంచే ఉండి ఉంటాయి.

"ఎప్పుడూ చెప్పలేదా పాప?" అంది ఆవిడ.

బయటికొచ్చాక పద్మ నాతో ఒకే ఒక్క మాటంది.

"ఆ రోజు మడమలు కలపమన్నారు మీరు."

కోపంగా అన్లేదు. చాలా మామూలుగా అంది. ఆ తర్వాత మూడు నెలలు నాతో మాట్లాడలేదు.

ఆడపిల్లల వార్డు కాబట్టి తోడు ఆడవాళ్ళే ఉండాలి. మగాళ్ళని సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా రానిచ్చేవాళ్ళు. మిగతా పొద్దంతా కింద మెట్ల పక్కన స్టీలు బెంచీ మీద కూర్చునేవాణ్ణి. పక్కన జనం మారుతుండేవాళ్ళు. ఎవరికి వాళ్ళు ఫోన్లలో చుట్టాలకి కబుర్లు చెప్పుకునేవాళ్ళు. నేనెవరికి చేస్తాను? స్కూలు నుంచి ఒకే ఫోనొచ్చింది, గేటు తాళంచెవి ఎక్కడ పెట్టావని.

రెండో రోజు మధ్యాహ్నం వార్డులో పనిచేసే ఆయా మెట్లు దిగొచ్చి నా ముందు ఆగింది. నీలం చీర, చేతిలో బకెట్టు.

"మీరు మేఘన వాళ్ళ నాయనా?"

లేచి నిలబడ్డా.

"కూసోండి, ఏం కాలా. పాప రెండిడ్లీలు తినింది. మూడోది ఒద్దంది. అది చెబ్దామనొచ్చినా."

అంతే చెప్పి వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి ఉన్న అయిదు రోజులూ పైనుంచి దిగినప్పుడల్లా ఒక మాట చెప్పి పోయేది. "నిద్దరపోతంది." "పక్క మంచం పిల్లతో మాట్లాడతంది." ఒకసారి "ఇయ్యాల నవ్వింది సారూ" అంది. పద్మ నాకు చెప్పట్లేదని ఆవిడకి ఎట్లా తెలిసిందో నాకు తెలీదు. వచ్చేసే రోజు డబ్బులివ్వబోతే తీసుకోలేదు. "పిల్లని ఎండలో కూసోబెట్టండి" అంది.

డిసెంబరు, జనవరి

పిల్లని హాస్టలు మాన్పించేశాం. ఆ విషయం మేమిద్దరం మాట్లాడుకోనే లేదు. పద్మ వెళ్ళి పెట్టె, పరుపు తెచ్చేసింది.

పద్మ నాకు చెప్పాల్సింది పిల్లకి చెప్పేది. "మేఘనా, మీ నాన్నకి అన్నం పెట్టానని చెప్పు." నేను పక్క గదిలోనే ఉండేవాణ్ణి. పిల్ల మా ఇద్దరి మొహాలూ చూసి, "నాన్నా, అన్నం" అనేది. కాలికి కట్టుతో మంచంలో ఉన్న పిల్ల చేత ఆ పని కూడా చేయించాం.

డాక్టరు మందులు రాసింది. వాటికంటే ఎక్కువగా తిండి, ఎండ గురించి చెప్పింది. ఎండంటే పొద్దున్నే వచ్చే లేత ఎండ అనుకునేవాణ్ణి నేను. స్కూల్లో పిల్లలకి కూడా అదే చెప్పా. అది కాదట. పది దాటాక, నీడ మనకంటే పొట్టిగా పడేటప్పుడు, చేతులకీ కాళ్ళకీ నేరుగా తగలాలట, చలికాలమైతే పావుగంట, ఇరవై నిమిషాలు. అద్దాల కిటికీలోంచి వచ్చే ఎండ ఎందుకూ పనికిరాదంది.

మా ఇంట్లో ఎండ తగిలేది డాబా మీదే. పద్మ పిల్లని ఎత్తుకుని మెట్లెక్కలేదు. పదింటికి నేను నందిగామలో ఉండాలి. ప్రిన్సిపాల్ గారి దగ్గరికెళ్ళి రెండు నెలలు పదకొండున్నరకి వస్తానని అడిగా.

"దానికేముంది మాస్టారూ. మీ పీరియడ్లు ఎట్లాగూ లెక్కలకే పోతున్నాయిగా" అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. నేను థాంక్స్ చెప్పి వచ్చేశా.

రోజూ పదింటికి మేఘనని ఎత్తుకుని డాబా ఎక్కేవాణ్ణి. పదమూడేళ్ళ పిల్ల, కట్టుతో సహా, నాకు ఆయాసం రాలేదు. ఆయాసం రాకపోవడానికే నాకు భయమేసింది. చాప మీద కూర్చోబెట్టి, వీపుకి దిండు పెట్టి నేనూ పక్కన కూర్చునేవాణ్ణి. చుట్టూ డాబాల మీద ఎవరూ ఉండేవాళ్ళు కాదు. పిల్లలంతా బళ్ళల్లో, పెద్దవాళ్ళు పనుల్లో. దూరంగా ఎక్కడో స్కూలు గంట వినిపిస్తే మేఘన అటు చూసేది.

మొదటి వారం ఏమీ మాట్లాడుకోలేదు. ఒకరోజు అదే మొదలెట్టింది.

"నాన్నా, హాస్టల్లో మాకు ఎండ ఎప్పుడు కనపడేదో తెలుసా? శనివారం తలంటుకుని కారిడార్ చివర కిటికీ దగ్గర జుట్టు ఆరబెట్టుకునేవాళ్ళం. అద్దం మూసే ఉండేది. అది కూడా లెక్కలోకి రాదంట కదా."

"పాలు ఇచ్చేవాళ్ళేగా?"

"ఇచ్చేవాళ్ళు. నాకు ఆ వాసన పడదు. సింకులో పోసేసేదాన్ని. గుడ్డు కూడా పెట్టేవాళ్ళు నాన్నా, వాళ్ళ తప్పేం లేదు. కానీ లైను పెద్దది. లైన్లో ఉంటే స్టడీ అవరుకి లేటు. లేటయితే బయట నిలబెడతారు. నిలబడితే కాళ్ళు నొప్పి. అందుకని బిస్కెట్లు తినేసి వెళ్ళిపోయేదాన్ని."

"నాకు చెప్పచ్చు కదమ్మా."

మేఘన కట్టు మీద వేలితో గీతలు గీసింది.

"చెప్పా నాన్నా. ఆదివారం ఆదివారం చెప్పా. నువ్వు వార్మప్ చెయ్యమన్నావ్."

నిష్ఠూరంగా అన్నా భరించేవాణ్ణేమో. నాకు గుర్తులేదేమోనని గుర్తుచేస్తున్నట్టు అంది. నేను ఆకాశం వంక చూస్తూ కూర్చున్నా. కొంతసేపటికి అదే "టైమైంది, దింపెయ్ నాన్నా, నీకు బస్సు పోతుంది" అంది.

ఆ రోజు బస్సులో చిల్లకల్లు దాటేదాకా కర్చీఫు మొహానికి అడ్డం పెట్టుకునే ఉన్నా. పక్కాయన జలుబనుకుని కిటికీ మూశాడు.

పద్మ తన కోపమంతా వంటలో పెట్టింది. పొద్దున్నే రాగి జావ, మజ్జిగ కలిపి. పాల వాసన పడదంటే గట్టి పెరుగు తోడేసి పెట్టేది. పప్పులో మునగాకు. మధ్యాహ్నం గుడ్డు, సాయంత్రం నువ్వులుండ. ఆదివారం నేను ఆటోలో పెనుగంచిప్రోలు వెళ్ళి మున్నేట్లో పట్టిన చిన్న చేపలు తెచ్చేవాణ్ణి. తెమ్మని ఆమె చెప్పలేదు. సంచి వంటింటి గట్టు మీద పెట్టి ఇవతలికి వచ్చేసేవాణ్ణి. ఆమె చింతపండు పులుసులో ముల్లు మెత్తబడేదాకా ఉడికించి, ముళ్ళతో సహా నమిలి తినమని పిల్లకి పెట్టేది. నా కంచంలో కూడా వేసేది. మా కాపురం ఆ నెలల్లో అంతవరకే ఉంది.

పక్కింటావిడ వచ్చి, "ఆ మందేదో మా పిల్లలకీ వేద్దామా పద్మా?" అనడిగితే మాత్రం పద్మ గట్టిగా చెప్పింది. "వద్దొదినా. పరీక్ష చేయించి డాక్టరు చెప్తేనే వెయ్యాలంట. ఎక్కువైనా ప్రమాదమేనంట. ముందు పిల్లల్ని ఆ టీవీ ముందు నుంచి లేపి కాసేపు బయటికి తోలు."

ఫిబ్రవరి

జనవరి మధ్యలో కట్టు విప్పారు. లోపల్నుంచి వచ్చిన కాలు చూసి మేఘన మొహం పక్కకి తిప్పుకుంది. సన్నగా, చర్మం పొలుసులు లేచి, ఎవరిదో కాలులా ఉంది. మెల్లగా నడిపించమన్నారు. ఒక ఫిజియోథెరపీ అమ్మాయి పేరు రాసిచ్చారు.

నాకు మాత్రం ఇదే సందు అనిపించింది. తిండి పద్మ పెడుతోంది, మందు డాక్టరు ఇస్తోంది. వ్యాయామం నా పని. నా తప్పు దిద్దుకునే చోటు ఇదొక్కటే దొరికింది. సాయంత్రాలు పెరట్లో సుద్దముక్కతో గీతలు గీసి నడిపించడం మొదలెట్టా. మొదటి వారం పదిసార్లు. రెండో వారం ఇరవై. మెట్టు ఎక్కడం, దిగడం. పిల్ల కాదనేది కాదు. నేనేం చెప్తే అది చేసేది, ఆ హాస్టల్లో చేసినట్టే.

ఒకరోజు ఇరవై అయ్యాక గోడ పట్టుకుని నిలబడింది. పై పెదవి మీద చెమట.

"ఇంకో అయిదమ్మా. అయిదే."

"కాలు వణుకుతోంది నాన్నా."

"వణికితేనే బలం వచ్చేది. ఊఁ, ఒకటి..."

లోపల మిషను చప్పుడు ఆగింది. పద్మ గుమ్మంలోకి వచ్చింది.

"ఆపండి!"

నేను ఆగిపోయా.

"దాన్ని ఇంకెక్కడ విరగ్గొడదామని? వణుకుతోందని అది చెప్తోంది. మీకు చెప్తూనే ఉంది. దాని మాట మీకు ఎప్పటికి వినపడుతుంది?"

ఇరుగుపొరుగు వింటున్నారని కూడా చూడలేదు. మూడు నెలల మాటలూ ఒక్కసారి వచ్చాయి. ఆరో క్లాసులో చేర్చిన దగ్గర్నుంచి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్దామంటే సంక్రాంతికన్న దాకా అన్నీ వరసగా అడిగింది. చివర్న అలిసిపోయి మెట్టు మీద కూర్చుని ఏడ్చింది. మేఘన గోడ పట్టుకుంటూ వెళ్ళి వాళ్ళమ్మ పక్కన కూర్చుంది.

నిజం చెప్తున్నా, ఆ తిట్లు తింటూ నేను సంతోషపడ్డా. నా మొహం చూసి అన్న మాటలు అవి. మూడు నెలలైంది ఆమె నా మొహం చూసి.

మర్నాడు ఫిజియోథెరపీ అమ్మాయి దగ్గరికి తీసుకెళ్ళా. చేసింది చెప్పేశా. ఆ అమ్మాయికి నా వయసులో సగం ఉంటుంది.

"బరువు పడకపోతే ఎముక గట్టిపడదు, అది నిజమే సార్. కానీ వరసుంది. ముందు మందు, తిండి, ఎండ. తర్వాత నడక. గంతులు, తాడాట అన్నీ ఎముక నిండాకే. మీరు చివరిది ముందు పెట్టారు" అంది. తర్వాత మేఘన వైపు తిరిగి, "నొప్పి వస్తే ఎవరు ఆపాలి?" అనడిగింది.

మేఘన నా వంక చూసింది.

"నాన్న కాదు. నువ్వే ఆపాలి" అంది ఆ అమ్మాయి.

అప్పట్నుంచి లెక్కపెట్టడం మేఘనకే వదిలేశా. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోడం. గోడ పట్టుకుని మునివేళ్ళ మీద లేవడం. వీధి చివరిదాకా నడక. కొన్నాళ్ళు ఎనిమిదికే ఆపేసేది, కొన్నాళ్ళు మూడుకే. నేను పక్కన నిలబడి నోరు మూసుకోడం నేర్చుకున్నా. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నాకు చాతకానిది అదొక్కటే.

ఎండాకాలం

ఏప్రిల్లో ఎండలు ముదిరితే డాబా ఎక్కడం పది నిమిషాలకి తగ్గించాం. అప్పటికి మెట్లు తనే ఎక్కేది, నన్ను రావద్దనేది. పద్మా నేనూ మాట్లాడుకునేవాళ్ళం, గ్యాసు బండ గురించి, కరెంటు గురించి. అంతకుమించి ముందుకు జరిగేది కాదు.

మే నెలలో మళ్ళీ విజయవాడ వెళ్ళాం. వెయిటింగ్ హాల్లో ముగ్గురం ఒకే బెంచీ మీద కూర్చున్నాం, మేఘన మధ్యలో. మా ఎదురుగా ఒక తల్లి నాలుగేళ్ళ పిల్లాడి కాళ్ళకి బూట్లు తొడుగుతోంది, వాడి కాళ్ళు విల్లులా వంగి ఉన్నాయి. పద్మ చూడలేక తల తిప్పుకుంది. నేను కూడా.

డాక్టరు కొత్త ఫిల్ము చూసి మొదటిసారి నవ్వింది. ఎముక నిండుతోందంది. మడమల మధ్య సందు నాలుగు వేళ్ళ నుంచి రెండున్నరకి వచ్చింది. ఇంకా పెరిగే వయసుంది కాబట్టి ఇంకొంత తగ్గచ్చు. పూర్తిగా పోకపోతే ఏడాది తర్వాత చిన్న ఆపరేషను మాట ఆలోచిద్దామంది.

"పూర్తిగా పోతుందా మేడం?" అని మేఘనే అడిగింది.

"చెప్పలేనమ్మా. నీ పని నువ్వు చేస్తున్నావు. మిగతాది చూద్దాం."

ఆ మాట నాకు నచ్చలేదు, మేఘనకి నచ్చింది. ఇన్నాళ్ళకి తనకి అబద్ధం చెప్పని మనిషి దొరికిందనుకుందేమో.

జూన్లో పేటలోనే హైస్కూల్లో చేర్చాం. ఏడాది పోయింది కాబట్టి మళ్ళీ ఎనిమిదే. పెద్ద గ్రౌండు, ఒక పక్క వేపచెట్లు. తనకంటే చిన్నపిల్లల మధ్య కూర్చుంటుంది. మొదట్లో నడక చూసి నవ్వారట. పద్మకి చెప్పింది, నాకు చెప్పలేదు. నాకు చెప్పే అలవాటు దానికి పోయింది. ఆ అలవాటు పోగొట్టింది నేనే.

నా స్కూలు తెరిచిన మొదటి వారం, ఎనిమిదో తరగతి ఆటల పీరియడుకి లెక్కల మాస్టారు తలుపు దగ్గరకొచ్చాడు. "ఈ ఒక్క రోజుకి సార్."

"లేదండి. పిల్లల్ని తీసుకెళ్తున్నా" అన్నా.

ఆయనకి అర్థం కాలేదు. నాకే నా గొంతు కొత్తగా ఉంది. ప్రిన్సిపాల్ గారు పిలిచారు. వాదించలేదు నేను. మా అమ్మాయి సంగతి మొదట్నుంచి చెప్పా. మడమలు కలపమన్నది కూడా చెప్పా. ఆయన అంతా విని, పెద్ద క్లాసులకి వారానికి రెండు పీరియడ్లు ఎవరూ తీసుకోకూడదని రాసిచ్చాడు. రెండే. స్టాఫ్ రూములో ఇప్పుడు నాతో ఇదివరకంత కూడా మాట్లాడరు. ఆ రెండు పీరియడ్లలో పిల్లలు ఎండలో గంతులేస్తుంటే ఎవరు ఆయాసపడుతున్నారో, ఎవరు మోకాలు పట్టుకుంటున్నారో చూస్తుంటా. ఇద్దరి తల్లిదండ్రులకి ఫోను చేసి డాక్టరుకి చూపించమన్నా. ఒకాయన "మీకెందుకు సార్" అన్నాడు. ఇంకొకావిడ తీసుకెళ్ళింది.

జూలై

మొన్న సోమవారం. పొద్దున్న పేట బస్టాండు ఎదురుగా రోడ్డు పక్కన నందిగామ బస్సు కోసం నిలబడ్డా. సన్నగా జల్లు పడుతోంది. అవతలి పక్క యూనిఫాం పిల్లలు గుంపుగా పోతున్నారు. వాళ్ళల్లో మేఘన ఉంది. నన్ను చూడలేదు. ఇద్దరు పిల్లలతో ఏదో చెప్తూ నడుస్తోంది.

వాన పెద్దదైంది. పిల్లలంతా ఒక్కసారి పరుగందుకున్నారు. మేఘన ఒక్క క్షణం ఆగింది. తర్వాత పుస్తకాల సంచి నెత్తిమీద పెట్టుకుని, తనూ పరిగెత్తింది.

నా నోట్లోంచి "మెల్లగా" అనే మాట రాబోయింది. పళ్ళు బిగపట్టుకున్నా. మోకాళ్ళు ఇంకా ఒకదానికొకటి రాసుకుంటున్నాయి. పాదాలు పక్కలకి పడుతున్నాయి. పరుగు నేర్పేవాడిగా చూస్తే అందులో నూటొక్క తప్పులున్నాయి. అందరికంటే వెనక ఉంది. కానీ ఆగలేదు. మలుపు దగ్గర ఆ ఇద్దరు పిల్లలు దాని కోసం నిలబడి, చెయ్యి పట్టుకుని లాక్కుపోయారు. కనపడకుండా పోయింది.

బస్సొచ్చింది, ఎక్కా. కూర్చున్నా. అటూ ఇటూ చూశా. ఎవరికైనా చెప్పాలి. పక్కన ఎవరో ముసలాయన నిద్రపోతున్నాడు. ఫోను తీసి పద్మకి చేశా. మేమిద్దరం ఫోనులో మాట్లాడుకుని ఎన్నాళ్ళయిందో.

"మేఘన పరిగెత్తింది" అన్నా.

అటువైపు మిషను ఆగిన చప్పుడు వినపడింది.

"నేను చూడలేదండీ" అంది. "ఎట్లా పరిగెత్తింది? మొదట్నుంచి చెప్పండి."

చెప్పడం మొదలెట్టా. వాన దగ్గర్నుంచి చెప్పా. ఆమె మధ్యలో ప్రశ్నలడుగుతూనే ఉంది. నందిగామ వచ్చేసిందని కండక్టరు భుజం తట్టేదాకా నేను చెప్తూనే ఉన్నా.